గ్రీన్‌కార్డు ఫైలు కదలట్లేదా? ముందు అది ఏ క్యూలో ఉందో చూసుకోండి

పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టకముందే ఫోన్ తీసి, కేస్ స్టేటస్ పేజీలో మూడక్షరాలు, పదంకెలు కొట్టి, నిన్నున్న మాటే ఇవాళా ఉందని చూసి ఫోన్ పక్కన పడేసే అలవాటు మీకూ ఉంటే ఇది మీకోసమే రాస్తున్నాను. నాకైతే ఆ రిసీట్ నంబర్ సొంత ఫోన్ నంబర్ కంటే బాగా నోటికొచ్చేసింది. ఎనిమిది నెలల పాటు నెలకోసారి కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి, అరగంట మ్యూజిక్ విని, ఎవరైనా ఎత్తితే వాళ్లతో గొడవ పెట్టుకునేవాణ్ణి. చివరికి ఒకావిడ ఓపిగ్గా "మీ ప్రయారిటీ డేట్ ఎంత? ఈ నెల బులెటిన్ చూశారా?" అని అడిగింది. చూడలేదు. ప్రయారిటీ డేట్ అంటే లైన్లో మన చోటు చెప్పే తేదీ, ఎవరి వంతు దాకా వచ్చిందో చెప్పేది బులెటిన్. నేను 485, అంటే గ్రీన్‌కార్డు కోసం చివరిగా వేసే అర్జీ, వేసిన రెండు నెలలకే ఆ బులెటిన్లో డేట్లు వెనక్కి పోయాయి, అప్పట్నుంచీ నా ఫైలుని ఎవరూ అప్రూవ్ చేసే వీలే లేదు. బస్సు ఇంకా డిపోలోనే ఉంటే బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్ మీద అరిచినట్టయింది నా పని.

కోపం రావడం తప్పేం కాదు. పదేళ్లకు పైగా ఒక దేశంలో పన్ను కడుతూ, ఇల్లు కొనాలా వద్దా, నాన్నకి బాగాలేదంటే వెళ్లాలా వద్దా అని ప్రతిదానికీ ఒక కాగితం వైపు చూడాల్సి వస్తే ఎవరికైనా విసుగే. కానీ ఆ కోపం ఎక్కడ చూపిస్తే పని జరుగుతుందో తెలియాలి. అమెరికాలో ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుకి ఉన్నది ఒక క్యూ కాదు, మూడు. మొదటిది లేబర్ డిపార్ట్‌మెంట్‌లో, రెండోది ఇమిగ్రేషన్ అర్జీలు చూసే యూఎస్‌సీఐఎస్‌లో, మూడోది స్టేట్ డిపార్ట్‌మెంట్ నెలనెలా వేసే వీసా బులెటిన్‌లో. ఒక క్యూలో పనిచేసే ఉపాయం ఇంకో క్యూలో పనికిరాదు. పైగా అడిగే హక్కు కూడా అన్నిచోట్లా మీది కాదు. పర్మ్ (లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర కంపెనీ తీసుకునే సర్టిఫికేషన్), మామూలు ఐ-140 (ఆ తర్వాత మీ కోసం యూఎస్‌సీఐఎస్‌లో కంపెనీ వేసే పిటిషన్) రెండూ కంపెనీ ఫైళ్లు, మీ సొంతంగా నడిచేది 485 ఒక్కటే. అందుకే ఐ-140 గురించి మీరు ఫోన్ చేస్తే అవతలివాళ్లు ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తారు, మీ మీద కోపంతో కాదు.

పర్మ్ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే ఇక్కడ పోయే టైమే అన్నిటికంటే ఖరీదైనది, మనవాళ్లు తక్కువగా పట్టించుకునేదీ ఇదే. కంపెనీ ముందు మీ ఉద్యోగానికి ఆ ప్రాంతంలో ఎంత జీతం ఇవ్వాలో లేబర్ డిపార్ట్‌మెంట్ చేత చెప్పించుకోవాలి, దాన్నే ప్రివేలింగ్ వేజ్ అంటారు, దానికే నెలలు పడుతుంది. తర్వాత రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన, స్టేట్ జాబ్ సైట్లో 30 రోజుల జాబ్ ఆర్డర్, అది అయ్యాక ఇంకో 30 రోజులు ఆగడం, అప్పుడు గానీ పర్మ్ అర్జీ, అంటే 9089 ఫారం, వేయరు. వేసిన తర్వాత 2025లో అయితే మామూలు కేసులకి కూడా ఏడాది దాటింది. కానీ మీ ప్రయారిటీ డేట్ అంటే పర్మ్ అప్రూవ్ అయిన రోజు కాదు, ఫైల్ చేసిన రోజు. కాబట్టి ఫైల్ చేశాక ఏడాదిన్నర నానినా లైన్లో మీ చోటు ఎక్కడికీ పోదు. ఫైల్ చేయడానికి ముందు హెచ్‌ఆర్ "వచ్చే క్వార్టర్లో చూద్దాం" అని నెట్టిన ఆరు నెలలు మాత్రం నిజంగా పోయినట్టే, ఆ ఆరు నెలల్లో మీ వెనక చేరాల్సినవాళ్లు మీ ముందు చేరిపోయారు. వెంటపడాల్సింది ఇక్కడ.

వెంటపడటం అంటే "ఎనీ అప్‌డేట్?" అని మెయిల్ కొట్టడం కాదు, దానికి "వి ఆర్ వర్కింగ్ ఆన్ ఇట్" అనే వస్తుంది. తేదీలు అడగండి. ప్రివేలింగ్ వేజ్ రిక్వెస్ట్ ఏ తేదీన వెళ్లింది, దాని కేస్ నంబర్ ఎంత, మొదటి ప్రకటన ఏ ఆదివారం పడుతుంది, 9089 ఏ వారం వేస్తారు. ఈ నాలుగే ఒక మెయిల్లో, మేనేజర్‌ని కూడా కాపీలో పెట్టి. తేదీ అడిగితే ఎవరో ఒకరు ఫైలు తీసి చూడక తప్పదు. ఫైల్ అయ్యాక లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ల ఫ్లాగ్ సైట్లో ప్రాసెసింగ్ టైమ్స్ పేజీ ఉంది, ప్రస్తుతం ఏ నెలలో వేసిన కేసులు చూస్తున్నారో వేస్తారు, మీ నెల దాటిపోయినా కదలకపోతేనే లాయర్ని అడగమనండి. ఆడిట్ పడితే అది వేరే వరస, దానికి వేరే నెల ఉంటుంది, మామూలు వరసతో పోల్చుకుని బెంగపడొద్దు. పర్మ్ వచ్చాక 180 రోజుల్లోపు ఐ-140 వేయాలి, దాటితే మొత్తం మళ్లీ మొదటికి. ఇది లాయర్లకి తెలుసులే అని వదిలేయకండి, మీ క్యాలెండర్లో కూడా పెట్టుకోండి.

ఇంకో సంగతి, కొన్ని కన్సల్టెన్సీల్లో ఉన్నవాళ్లకి చెప్తున్నాను. పర్మ్ లాయర్ ఫీజు, ప్రకటనల ఖర్చు కంపెనీయే భరించాలి, 2007 నుంచి అది రూలు. "పర్మ్ మొదలుపెట్టాలంటే ఇంత కట్టు, లేదా నెలనెలా జీతంలో కోసుకుంటాం" అన్నారంటే వాళ్లు మీకు చేస్తున్నది సాయం కాదు. అలాంటి చోట ఫైలు ఆలస్యమైతే అడగడానికి కూడా మొహమాటపడుతూ ఉంటాం, అదే వాళ్లకి కావాల్సింది.

హెచ్-1బీ వర్క్ వీసా మీద మామూలుగా ఉండగలిగే ఆరేళ్ల లెక్క కూడా పర్మ్‌తోనే ముడిపడి ఉంది. పర్మ్ గానీ ఐ-140 గానీ వేసి 365 రోజులు దాటితే ఆరేళ్ల తర్వాత ఏడాది చొప్పున పొడిగిస్తారు, అంటే ఐదో ఏడు ముగిసేలోపే పర్మ్ పడాలి. లేటయిందా, పాస్‌పోర్టు తీసి స్టాంపులు లెక్కపెట్టండి, ఈ ఆరేళ్లలో మీరు ఇండియాలో గడిపిన రోజులు ఆరేళ్లలోకి రావు, చెల్లి పెళ్లికని ఉండిపోయిన ఐదు వారాలు, కోవిడ్‌లో ఇరుక్కున్న నెలలు అన్నీ రీక్యాప్చర్ చేసుకోవచ్చు, అంటే మళ్లీ కలుపుకోవచ్చు. బోర్డింగ్ పాసులు దాచుకోవాలన్న సంగతి నాకు ఆరో ఏడు గానీ తెలియలేదు.

ఐ-140 గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, ఎందుకంటే ఈ క్యూలో డబ్బు కడితే పని జరుగుతుంది. ప్రీమియం, అంటే త్వరగా చూడమని కట్టే అదనపు ఫీజు, కడితే 15 పని దినాల్లో ఏదో ఒకటి తేల్చాలి. మల్టీనేషనల్ మేనేజర్ కోటా, నేషనల్ ఇంటరెస్ట్ వేవర్ (దేశానికి మేలని పర్మ్ లేకుండా వేసేది) అయితే 45 పని దినాలు. దాదాపు 3 వేల డాలర్లు. తేల్చడం అంటే అప్రూవలే కానక్కర్లేదు, ఇంకా కాగితాలు పంపమనే ఆర్‌ఎఫ్ఈ కూడా తేల్చినట్టే, దానికి జవాబు వెళ్లాక గడియారం మళ్లీ మొదటినుంచి తిరుగుతుంది. మామూలుగా వేసి నెలల తరబడి నానుతున్నా మధ్యలో ప్రీమియంకి మారొచ్చు. కంపెనీ కట్టనంటే ఈ ఫీజు మాత్రం ఉద్యోగి కట్టుకోవచ్చు, పర్మ్‌లా నిషేధం లేదు, ఫారం మీద సంతకం మాత్రం వాళ్లదే ఉండాలి. అప్రూవ్ అయితే హెచ్-1బీ మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు, హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా) మీద ఉన్న భార్యకో భర్తకో ఈఏడీ, అంటే పని చేసుకునే పర్మిట్, వేసుకోవచ్చు, ఉద్యోగం మారినా ఆ ప్రయారిటీ డేట్ మీ వెంటే వస్తుంది. అప్రూవ్ అయి 180 రోజులు దాటితే పాత కంపెనీ ఆ ఐ-140ని వెనక్కి తీసుకున్నా మీ హెచ్-1బీ ఎక్స్‌టెన్షన్లకి అది పనికొస్తుంది. మోసం బయటపడితే తప్ప అనుకోండి. అందుకే ఉద్యోగం మారాలని ఎంత దురదగా ఉన్నా ఐ-140 చేతికొచ్చేదాకా ఓపిక పట్టమంటాను, పర్మ్ దశలో వెళ్లిపోతే ఏమీ మిగలదు.

చేతికి రావడం అంటే నిజంగా చేతికి రావడమే. ఆ అప్రూవల్ కాగితం, ఐ-797, కంపెనీ పేరు మీద వస్తుంది, చాలామంది హెచ్‌ఆర్‌లు కాపీ ఇవ్వరు. రిసీట్ నంబరైనా తీసుకోండి. అదీ ఇవ్వకపోతే యూఎస్‌సీఐఎస్‌కి ఆన్‌లైన్లో ఎఫ్ఓఐఏ అర్జీ పెట్టండి, మన దగ్గర ఆర్‌టీఐ లాంటిదే, మీ ఫైల్లో ఉన్న కాగితాల కాపీలు అడిగి తెప్పించుకోవచ్చు.

ఇక అసలు మూడో క్యూ. మన బాధంతా ఇక్కడే, మనం ఏమీ చేయలేనిదీ ఇక్కడే. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు లక్షా 40 వేలు, 1990లో చేసిన చట్టం లెక్క అది, ఇప్పటికీ అదే. అందులో పై చదువులున్నవాళ్ల ఈబీ-2 కోటాకి 28.6 శాతం, అంటే 40 వేలు. ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి పెట్టి చూస్తే ఇండియాకి ఏడాదికి 2,800 చిల్లర. భార్యాభర్తలు, పిల్లలు కూడా అందులోనే, కాబట్టి నలుగురున్న కుటుంబాలైతే ఏడు వందలు. మిగతా దేశాలు వాడుకోకుండా మిగిల్చితే ఆ మిగులు మనకొస్తుంది, డేట్లు కాస్తో కూస్తో జరిగేది దానివల్లే. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుంటే కాల్ సెంటర్‌కి ఫోన్ చేయాలన్న కోరిక సగం చచ్చిపోతుంది.

బులెటిన్ చదవడం నేర్చుకోండి, ఐదు నిమిషాల పని. అందులో రెండు పట్టికలుంటాయి. ఫైనల్ యాక్షన్ డేట్స్ అంటే కార్డు ఇవ్వగలిగే తేదీ, డేట్స్ ఫర్ ఫైలింగ్ అంటే 485 వేసుకోగలిగే తేదీ, ఈ నెల దేన్ని చూడాలో యూఎస్‌సీఐఎస్ తన సైట్లో ప్రతి నెలా విడిగా చెప్తుంది. మీ తేదీ పట్టికలో ఉన్నదాని కంటే ఒక్క రోజైనా ముందుండాలి, అదే రోజు అయితే రానట్టే. అక్టోబరులో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి ఆ బులెటిన్ మీద ఆశలెక్కువ, ఆగస్టు, సెప్టెంబరుల్లో నంబర్లు అయిపోతాయి, 2025 సెప్టెంబరులో ఈబీ-2 అలాగే అయిపోయింది.

డేట్ కరెంట్ అయిన, అంటే మీ వంతు వచ్చిన, నెలలో ఒక్క రోజు కూడా వృథా చేయకండి. 2007 జులై సంగతి తెలిసినవాళ్లకి ఎందుకంటున్నానో అర్థమవుతుంది. ఆ నెల బులెటిన్లో దాదాపు అందరికీ కరెంట్ అన్నారు, జనం పరుగులు పెట్టి మెడికల్స్ చేయించుకుని ఫైళ్లు పంపితే జులై 2న నంబర్లు లేవు పొమ్మన్నారు. అప్పుడు మనవాళ్లు గాంధీగిరి అంటూ యూఎస్‌సీఐఎస్ డైరెక్టర్‌కి వందల పూలబొకేలు పంపారు, ఆయన వాటిని సైనికుల ఆస్పత్రికి పంపించాడు, జులై 17కి నిర్ణయం మార్చుకుని ఆగస్టు 17 దాకా అర్జీలు తీసుకున్నారు. 2020 అక్టోబరులో ఈబీ-3 (ఈబీ-2 కింది కోటా) ఫైలింగ్ డేట్ ఒక్కసారిగా 2015 జనవరికి దూకినప్పుడూ అంతే, అప్పటికే కాగితాలు సిద్ధంగా పెట్టుకుని ఈబీ-2 నుంచి డౌన్‌గ్రేడ్ చేసుకున్నవాళ్లు 485 గట్టెక్కించారు, తర్వాత చూద్దాంలే అన్నవాళ్లు ఏళ్ల తరబడి చూస్తూనే ఉండిపోయారు. బర్త్ సర్టిఫికెట్లో పేరు, తేదీ సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. మన మున్సిపాలిటీ కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉండటం మామూలే, దాన్ని సరిచేయించడానికి ఊళ్లో అమ్మానాన్నలు ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలుసు. మెడికల్ రిపోర్టు, అంటే ఐ-693, 2024 డిసెంబరు నుంచి 485తో పాటే పెట్టాలి, తర్వాత పంపిస్తాం అంటే ఫైలు వెనక్కి రావచ్చు.

ఈ క్యూలో ఒక్క అడ్డదారి ఉంది, పూర్తిగా చట్టబద్ధమైనది. దేశం లెక్క పాస్‌పోర్టుని బట్టి కాదు, పుట్టిన చోటుని బట్టి, పైగా భార్యాభర్తల్లో ఎవరు పుట్టిన దేశం లెక్కైనా వాడుకోవచ్చు. మీ ఆవిడ కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టి ఉంటే మీరిద్దరూ ఇండియా లైన్లో నిలబడక్కర్లేదు. గల్ఫ్‌లో పనిచేసిన నాన్నలున్న ఇళ్లు మనలో తక్కువేం కాదు, అయినా ఈ సంగతి తెలియక ఏళ్లు పోగొట్టుకున్న జంట మా అపార్ట్‌మెంట్లోనే ఉంది.

సరే, డేట్ కరెంట్ అయింది, కరెంట్‌గానే ఉంది, అయినా 485 కదలట్లేదు. ఇప్పుడు మీ కోపానికి పని దొరికింది. ముందు యూఎస్‌సీఐఎస్ సైట్లో ప్రాసెసింగ్ టైమ్స్ పేజీకి వెళ్లండి. అక్కడ కనిపించే నెలలు సగటు కాదు, 80 శాతం కేసులు పూర్తవడానికి పట్టిన టైము, కాబట్టి అది దాటేదాకా లెక్క ప్రకారం మీది ఆలస్యమే కాదు. మీ రిసీట్ తేదీ అక్కడ వేస్తే ఎప్పట్నుంచి అడగొచ్చో చెప్తుంది, ఆ రోజే ఈ-రిక్వెస్ట్ పెట్టి ఆ నంబరు రాసి పెట్టుకోండి. ఆ సైట్ చాట్‌లో ఎమ్మా అని ఒక బొమ్మ వస్తుంది, దానితో కబుర్లు పెట్టుకోకుండా "లైవ్ ఏజెంట్" అని కొట్టండి, మనిషి వస్తే ఒకే ప్రశ్న అడగండి, నా ఫైలు ఏ ఆఫీసులో ఉంది, బయోమెట్రిక్స్, మెడికల్ రెండూ ఫైల్లో కనిపిస్తున్నాయా అని. మీరు పంపిన కాగితం వాళ్ల స్క్రీన్ మీద లేకపోతే ఎంత టైమైనా కదలదు.

నెల రోజుల్లో పొడి జవాబు వస్తుంది, "రివ్యూలో ఉంది" అని. అప్పుడు మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి వెళ్లండి. ఓటు లేదు కదా, మనల్నెవరు పట్టించుకుంటారు అనుకోవద్దు, ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు, ఈ పనికే అక్కడ మనుషులుంటారు. వాళ్ల వెబ్‌సైట్లో ప్రభుత్వ ఆఫీసుతో సాయం కావాలా అని ఒక పేజీ, ప్రైవసీ రిలీజ్ ఫారం ఉంటాయి, చేత్తో సంతకం పెట్టి, ఒక్క పేజీలో తేదీల వారీగా సంగతి రాసి పంపండి. మీ కష్టాల కథంతా రాయకండి, చదివే కుర్రాడికి రోజుకి అలాంటివి చాలా వస్తాయి. సెనేటర్లు కూడా ఇద్దరున్నారు, కానీ ముగ్గురికీ ఒకేసారి పెట్టకండి, ఒకరు చూస్తున్నారంటే మిగతావాళ్లు వదిలేస్తారు. యూఎస్‌సీఐఎస్ మీద ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్ ఆఫీసు కూడా ఉంది గానీ 2025 మార్చిలో అక్కడి సిబ్బందిని దాదాపు ఖాళీ చేశారు, నేనైతే దానిమీద ఆశ పెట్టుకోను. ఎక్స్‌పెడైట్, అంటే ఫైలు త్వరగా చూడమని, అడగాలంటే ఈఏడీ కావాలి అన్న మాటొక్కటీ చాలదు, ఫలానా తేదీకి ఉద్యోగం పోతుందని హెచ్‌ఆర్ ఇచ్చిన లెటరో, ఆస్పత్రి కాగితాలో ఉండాలి.

అన్నీ అయ్యాక మాండమస్. మన హైకోర్టులో రిట్ వేసినట్టే, ఫెడరల్ కోర్టులో వేస్తారు, అప్రూవ్ చేయమని కాదు, ఏదో ఒక నిర్ణయం తీసుకోమని. ప్రభుత్వానికి జవాబివ్వడానికి 60 రోజులుంటాయి, చాలాసార్లు ఆ లోపే ఫైలు కదులుతుంది, వాదన దాకా వెళ్లదు. కేసు వేస్తే కక్ష కడతారేమో అని మనవాళ్లకి భయం, నేను చూసినంతలో అలాంటిదేం లేదు. కానీ రెండు మాటలు. డేట్ కరెంట్ లేకపోతే కోర్టు కూడా నంబరు పుట్టించలేదు, అప్పుడు కూడా వేద్దాం పదండి అనే లాయర్ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. రెండోది, నిర్ణయం తీసుకోమంటే కాదనొచ్చు కూడా, కాబట్టి ఫైల్లో ఏదైనా డొంకతిరుగుడు ఉంటే ముందే సరిచూసుకోండి.

ఈలోపు బతకాలి కదా. 485 పెండింగ్‌లో 180 రోజులు దాటితే అదే తరహా పనిలోకి ఉద్యోగం మారొచ్చు, కొత్త కంపెనీ సప్లిమెంట్ జే ఫారం నింపి ఇస్తే చాలు. ఈఏడీ విషయంలో మాత్రం పాత ధీమా పనికిరాదు. 2025 అక్టోబరు 30 నుంచి, రెన్యువల్ వేస్తే చాలు 540 రోజులు ఆటోమేటిక్‌గా పొడిగింపు అన్న సౌకర్యం తీసేశారు, హెచ్-4 వాళ్లకి కూడా. డిసెంబరు 5 నుంచి 485 మీద ఇచ్చే ఈఏడీ ఐదేళ్ల నుంచి 18 నెలలకి తగ్గింది. గడువుకి 180 రోజుల ముందే వేసుకోవచ్చు, 180వ రోజే వేయండి. చేతనైతే హెచ్-1బీని వదులుకోవద్దు, దాని ఎక్స్‌టెన్షన్ టైముకి వేస్తే పెండింగ్‌లో ఉన్నా అదే కంపెనీలో 240 రోజులు పని చేసుకోవచ్చు. ఊరెళ్లాలంటే అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రానిచ్చే అనుమతి కాగితం) చేతిలో ఉందా, లేదా పాస్‌పోర్టులో బతికున్న హెచ్-1బీ వీసా ఉందా చూసుకోండి. వీసా స్టాంపింగ్‌కని వెళ్లేవాళ్లయితే ఇంకా జాగ్రత్త, 2025 డిసెంబరులో హైదరాబాద్ కాన్సులేట్ అపాయింట్‌మెంట్లు ఉన్నట్టుండి నెలల తరబడి వెనక్కి జరిపితే పది రోజుల సెలవు మీద వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు.

పిల్లలకి పదహారు, పదిహేడు దాటుతుంటే ఇది విడిగా చదవండి. 21 నిండితే వాళ్లు మీ ఫైల్లోంచి పడిపోతారు. లెక్క ఏంటంటే, వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన రోజు వాళ్ల వయసులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు, పర్మ్‌లో పోయిన టైము లెక్కలోకి రాదు. 2025 ఆగస్టు 15 నుంచి వేసిన అర్జీలకి ఆ రోజుని ఫైనల్ యాక్షన్ పట్టికని బట్టే చూస్తున్నారు, ఫైలింగ్ పట్టికని బట్టి కాదు. ఇందులో ఒక తమాషా ఉంది, ఐ-140 ప్రీమియంలో మూడు వారాల్లో తెమిలితే వయసులోంచి తగ్గేదీ ఆ మూడు వారాలే, ఏడాది నానితే ఏడాది తగ్గుతుంది. ఆలస్యం మనకి కలిసొచ్చే చోటు మొత్తం ప్రాసెస్‌లో ఇదొక్కటే అనుకుంటా. ప్రీమియం డబ్బు కట్టే ముందు పిల్లల పుట్టినరోజులు లాయర్ ముందు పెట్టి లెక్క వేయించండి.

చివరిగా, ఇల్లు మారితే పది రోజుల్లో ఏఆర్-11 ఫారంలో అడ్రస్ మార్చండి, పెండింగ్‌లో ఉన్న ప్రతి రిసీట్ మీదా మారిందో లేదో చూసుకోండి. పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టాం కదా అనుకోకండి, యూఎస్‌సీఐఎస్ కవర్లు సాధారణంగా అలా రావు. మా ఫ్రెండ్ ఒకడు లాయర్ మార్చాడు, ఇల్లు మారాడు, రెండూ ఒకే నెలలో. స్టేటస్ పేజీలో ఆర్‌ఎఫ్ఈ పంపాం అని కనిపిస్తోంది, కాగితం మాత్రం ఎవరికీ రాలేదు, జవాబుకి ఇచ్చే 84 రోజుల్లో అరవై అప్పటికే అయిపోయాయి. శనివారం పొద్దున కారేసుకుని పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లి, ఇప్పుడు అక్కడ ఉంటున్న వాళ్ల తలుపు కొట్టాడు. కవరు వాళ్ల ఫ్రిజ్ మీద, పిజ్జా కూపన్ల కింద దొరికింది.